పాత చెక్క పడవలో పెట్రోల్ ఇంజిన్ తీసి డీజిల్ ఇంజిన్ పెట్టడం ఎలా

పాత చెక్క పడవ కొన్నవాళ్ళు సాధారణంగా ముందు అడిగేది ఏ కంపెనీ డీజిల్ ఇంజిన్ మంచిదని. ఆ సంగతి తర్వాత చూద్దాం. చెక్క పడవలో ఇంజిన్ మార్చడమంటే చాలావరకు చెక్క పనే. ఇంజిన్ కూర్చునే దూలాలు గట్టిగా లేకపోతే, ఎంత ఖరీదైన ఇంజిన్ తెచ్చినా అది పడవని కుదిపి కుదిపి పలకల సందులు వదులు చేస్తుంది. అందుకే ముందు చెక్క, తర్వాత షాఫ్టు (ఇంజిన్ నుంచి ప్రొపెల్లర్ దాకా పోయే కడ్డీ), ఆ తర్వాతే ఇంజిన్. ఈ వరస తప్పకండి.

ఇక్కడ చెబుతున్నది అమెరికాలో 1950లు, 60లలో కట్టిన తెరచాప పడవల గురించి, ముప్పై అడుగులకి అటూ ఇటూ ఉన్నవి. చెసాపీక్ బే, ప్యూజెట్ సౌండ్, న్యూ ఇంగ్లండ్ వైపు ఇవి ఇప్పటికీ తక్కువ ధరకి అమ్మకానికి వస్తుంటాయి. వీటిలో ఎక్కువగా కనిపించేది విస్కాన్సిన్‌లోని ఆష్‌కాష్‌లో యూనివర్సల్ కంపెనీ తయారు చేసిన అటామిక్ 4 పెట్రోల్ ఇంజిన్. నాలుగు సిలిండర్లు, 64 ఘనపుటంగుళాలు, 30 హార్స్‌పవర్. 1940ల చివర్లో మొదలై 1980ల మధ్య దాకా వేల సంఖ్యలో తయారైంది. క్రిస్‌క్రాఫ్ట్ లాంటి వేగంగా దూసుకెళ్ళే మోటారు పడవల లెక్క వేరు. ఈ పద్ధతి వాటికి పనికిరాదు.

అసలు మార్చాలా?

అటామిక్ 4 చెడ్డ ఇంజిన్ కాదు. మెత్తగా తిరుగుతుంది, విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి, బాగుచేయడం సులువు. ఏడాదికి నాలుగు వారాంతాలు తీరం దగ్గరే తిరిగేవాళ్ళు దాన్నే బాగుచేయించుకుని వాడుకుంటే డబ్బు మిగులుతుంది. ఈ మాట మొహమాటం లేకుండా చెబుతున్నాను. ఎందుకంటే డీజిల్‌కి మారితే ఇంజిన్ ధర ఎంతో, మిగతా సామాన్లకీ కూలికీ కలిపి ఇంచుమించు మళ్ళీ అంత అవుతుంది.

మరి మార్చడం ఎందుకంటే, ప్రాణభయం. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు. ఎక్కడ లీకైనా అది పైకి పోకుండా పడవ అడుగున, బిల్జ్‌లో చేరుతుంది. గాలిలో అది 1.4 శాతం ఉంటే చాలు, ఒక్క నిప్పురవ్వకి పేలుతుంది. స్టార్ట్ చేసే ముందు కనీసం 4 నిమిషాలు బ్లోవర్ (లోపలి ఆవిరిని బయటికి తోసే ఫ్యాను) తిప్పమని పెట్రోల్ పడవల్లో హెచ్చరిక అంటించేది ఇందుకే. డీజిల్ మామూలు ఎండకి అలా ఆవిరి కాదు. దాని ఫ్లాష్ పాయింట్, అంటే ఆవిరికి నిప్పు అంటుకునే ఉష్ణోగ్రత, 52 డిగ్రీల సెల్సియస్ పైనే. పిల్లల్ని లోపల పడుకోబెట్టి రాత్రిళ్ళు ప్రయాణం చేసేవాళ్ళకీ, రోజుల తరబడి తీరానికి దూరంగా ఉండేవాళ్ళకీ ఈ ఒక్క కారణం సరిపోతుంది. తక్కువ ఇంధనంతో ఎక్కువ దూరం పోవడం, స్పార్క్ ప్లగ్గులు, డిస్ట్రిబ్యూటరు ఉప్పుగాలికి తడిసి మొరాయించే బెడద తప్పడం అదనపు లాభాలు.

ముందు చెక్కని పరీక్షించండి

పడవని ఒడ్డుకి ఎక్కించాక ఒక చిన్న సుత్తి, సన్నటి మొన ఉన్న ఆల్ (చెక్కలో గుచ్చి చూసే పిడి ఉన్న సూది) తీసుకుని లోపలికి దిగండి. ఇంజిన్ రెండు వైపులా పడవ పొడవు దిశలో ఉండే దూలాలని ఇంజిన్ బెడ్లు అంటారు. వాటి మీద సుత్తితో మెల్లగా తట్టుకుంటూ వెళ్ళండి. గట్టి చెక్క ఖంగుమంటుంది, పుచ్చిన చెక్క మందంగా పలుకుతుంది. అనుమానం వచ్చిన చోట ఆల్ గుచ్చండి. మొన పావంగుళం కంటే లోతుగా సులువుగా దిగితే అక్కడ చెక్క పోయినట్టే. ముఖ్యంగా చూడాల్సింది ఇంజిన్‌ని బెడ్లకి బిగించిన పెద్ద మరలు దిగిన చోటు, పైనుంచి వాననీళ్ళు కారే చోటు, బెడ్ల కింద అడ్డంగా ఉండి వాటిని కీల్‌కి (పడవ అడుగున పొడవునా ఉండే దూలానికి) కలిపే ఫ్లోర్ టింబర్లు. ఉప్పునీరు చెక్కకి పెద్దగా హాని చేయదు. డెక్ సందుల్లోంచి కారిన వాననీళ్ళే పుచ్చుకి మూలం.

ఇంజిన్ కింద చెక్క దశాబ్దాల తరబడి నూనె తాగి నల్లగా ఉంటుంది. నూనె చెక్కని పుచ్చనివ్వదు కాబట్టి నల్లగా ఉందని భయపడకండి. కానీ ఆ చెక్క మీద ఏ జిగురూ పట్టదు. ఎసిటోన్ పెట్టి ఎంత తుడిచినా లోపలి నూనె మళ్ళీ పైకి ఊరుతుంది. పైగా వైట్ ఓక్ మీద ఎపాక్సీ నమ్మకంగా అతకదు. అందువల్ల కొత్త బెడ్లు వేస్తే జిగురు మీద ఆధారపడకుండా, అటు నుంచి ఇటు పూర్తిగా దిగే బోల్టులతో ఫ్లోర్ టింబర్లకి బిగించండి. బెడ్లు వీలైనంత పొడవుగా, ఇంజిన్ పొడవుకి రెట్టింపు దాకా ఉండేలా చూడండి. మూడు సిలిండర్ల చిన్న డీజిల్ ఇంజిన్ తక్కువ వేగంలో అటామిక్ 4 కంటే బాగా ఎక్కువగా కుదుపుతుంది. ఆ కుదుపు రెండు మూడు ఫ్రేముల (పడవ పక్కటెముకల) మీదే పడితే అక్కడ పలకలు పగుళ్ళిస్తాయి. ఎక్కువ ఫ్రేముల మీదికి పంచితే ఏ ఒక్కదాని మీదా భారం పడదు.

బోల్టుల విషయంలో ఒక జాగ్రత్త. పడవంతా కంచు మరలతో కట్టి ఉంటే కొత్తవి కూడా సిలికాన్ బ్రాంజ్‌వే వాడండి, గాల్వనైజ్డ్ ఇనుముతో కట్టి ఉంటే అదే వాడండి. తడి ఓక్‌లో గాలి తగలకుండా దాగిన స్టెయిన్‌లెస్ బోల్టు బయటికి మెరుస్తూనే లోపల తుప్పుకి తినేయబడుతుంది.

ఇదే సమయంలో సీకాక్‌లు (పడవ ఒంటికి ఉన్న నీటి రంధ్రాలని మూసి తెరిచే కవాటాలు), ఇంజిన్ చుట్టూ లోహం తగిలిన చెక్కలు కూడా చూడండి. లోహం చుట్టూ చెక్క మెత్తబడి పీచుపీచుగా, తెల్లటి ఉప్పు పొడి పట్టి ఉంటే అది పుచ్చు కాదు. పడవలో లోహాలన్నిటినీ తీగతో కలిపి, తుప్పు ఆపడానికి పెట్టే జింక్ ముక్కలు అవసరానికి మించి తగిలిస్తే ఆ లోహం దగ్గర క్షారం పుట్టి చెక్కని తినేస్తుంది. కొత్త ఇంజిన్‌తో పాటు కొత్త వైరింగ్ వస్తుంది కాబట్టి, ఎలక్ట్రీషియన్ అలవాటు కొద్దీ సీకాక్‌లన్నిటికీ లోహాలని కలిపే ఆకుపచ్చ తీగ తగిలించేయకుండా ముందే మాట్లాడుకోండి. ఫైబర్‌గ్లాస్ పడవకి సరిపోయే పద్ధతి చెక్క పడవకి చేటు చేస్తుంది.

ఇంకొకటి, పడవని ఒడ్డున ఎండలో ఎక్కువ కాలం ఉంచొద్దు. పలకలు ఎండి సందులు తెరుచుకుంటాయి. కోరంగి, తాళ్ళరేవు వైపు చెక్క పడవలు చూసినవాళ్ళకి ఈ సంగతి చెప్పక్కర్లేదు. సామాన్లన్నీ చేతికి వచ్చాకే పడవని ఒడ్డుకి ఎక్కించండి.

ఎంత పవర్ కావాలి?

30 హార్స్‌పవర్ తీస్తున్నాం కాబట్టి 30 పెట్టాలనుకోవద్దు. అటామిక్ 4 ఆ 30 ఇచ్చేది 3,500 ఆర్‌పీఎం దగ్గర. గేర్ తగ్గింపు లేకుండా ప్రొపెల్లర్‌ని నేరుగా తిప్పేటప్పుడు అది అంత వేగానికి ఎప్పుడూ చేరదు. మామూలుగా 2,000 చుట్టుపక్కలే తిరుగుతుంది. అంటే ప్రొపెల్లర్‌కి అందుతున్నది ఆ 30 కంటే బాగా తక్కువే.

తెరచాప పడవకి పాత లెక్క ఒకటుంది: వెయ్యి పౌండ్ల బరువుకి 2 హార్స్‌పవర్. పదివేల పౌండ్ల పడవకి 20 చాలు, ఎదురుగాలి కోసం ఇంకో నాలుగైదు కలుపుకోండి. అంతకంటే పెద్దది పెట్టినా ఉపయోగం లేదు. నీటి అంచు దగ్గర 25 అడుగుల పొడవున్న పడవ హల్ వేగం, అంటే దాని ఒళ్ళు నీటిలో పోగల గరిష్ఠ వేగం, 6.7 నాట్లు. ఇంజిన్ ఎంత పెద్దదైనా అది దాటి పోలేదు, వెనక అల మాత్రం పెద్దదవుతుంది. పైగా డీజిల్ ఇంజిన్ ఎప్పుడూ తేలికపాటి పనిలోనే ఉంటే లోపల మసి పడుతుంది. కాబట్టి కొంచెం చిన్నదే తీసుకుని దాన్ని కష్టపెట్టండి.

కుబోటా బ్లాకు మీద తయారయ్యే బీటా మెరైన్, యాన్మార్ 3వైఎం వరసలు ఈ పరిమాణంలో మంచి ఎంపికలు. బరువులో పెద్ద తేడా ఉండదు. అటామిక్ 4 మూడొందల పౌండ్ల పైనే ఉంటుంది, యాన్మార్ 3వైఎం30 గేర్‌బాక్స్‌తో కలిపి మూడొందల లోపే. అసలు తేడా వచ్చేది కొలతల్లో. ఇంజిన్ కాళ్ళ మధ్య దూరం, షాఫ్టు మధ్యరేఖ నుంచి కాళ్ళ ఎత్తు, మొత్తం ఎత్తు, ఆయిల్ పాన్ లోతు. కంపెనీ డ్రాయింగ్ తెప్పించుకుని, ఆ కొలతలతో ప్లైవుడ్ నమూనా ఒకటి చేయండి. పాత ఇంజిన్ తీశాక స్టెర్న్ ట్యూబ్ (షాఫ్టు పడవ బయటికి పోయే గొట్టం) గుండా సన్నటి తీగ లాగి, రెండు చివర్లా మధ్యలో ఉండేలా బిగించి, ఆ తీగ మీద నమూనా పెట్టి చూడండి. నీళ్ళ పంపు ఇంపెల్లర్ మూతకి, ఆయిల్ ఫిల్టర్‌కి, డిప్ స్టిక్‌కి చెయ్యి అందుతుందా? అందకపోతే సర్వీసింగ్ వాయిదా పడుతూనే ఉంటుంది.

పాత ఇంజిన్, పాత ట్యాంకు

పెట్రోల్ తీసే రోజే ఈ పనిలో అన్నిటికంటే ప్రమాదకరమైన రోజు. బ్యాటరీలు పూర్తిగా విప్పి పడవ బయట పెట్టండి. మామూలు ఎలక్ట్రిక్ పంపుతోనో షాప్ వాక్యూమ్‌తోనో పెట్రోల్ లాగొద్దు. దీనికి తగిన సామాను ఉన్న యార్డు వాళ్ళకి అప్పగించడమే మంచిది. ట్యాంకు, గొట్టాలు, కార్బురేటర్ అన్నీ బయటికి పోయి, బిల్జ్ సబ్బునీళ్ళతో కడిగి, హ్యాచ్‌లు తెరిచి ఒకట్రెండు రోజులు గాలి ఆడనిచ్చాకే లోపల ఏ కరెంటు పనిముట్టైనా వాడండి.

ఇంజిన్‌ని ఎత్తడానికి పడవ బూమ్ (తెరచాప కింది అంచుని పట్టే అడ్డకర్ర) మీద ఆధారపడకండి. పాత చెక్క బూమ్ ఆ పని కోసం చేసింది కాదు. యార్డు క్రేన్‌కి ఒక గంట అద్దె ఇస్తే టెన్షన్ లేకుండా పోతుంది. అన్నిటికన్నా ముందు ఆల్టర్నేటర్, మ్యానిఫోల్డ్ విప్పేస్తే బరువు తగ్గి, దారి కూడా దొరుకుతుంది.

పాత పెట్రోల్ ట్యాంకుని కడిగి డీజిల్‌కి వాడుకుందామనే ఆశ వదులుకోండి. గాల్వనైజ్డ్ ట్యాంకులో జింక్, రాగి ట్యాంకులో రాగి డీజిల్‌ని పాడుచేస్తాయి. పైగా డీజిల్ ఇంజిన్‌కి వాడగా మిగిలిన ఇంధనం తిరిగి ట్యాంకుకి చేరే గొట్టం ఒకటి ఉండాలి, పెట్రోల్ ట్యాంకులో దానికి చోటే ఉండదు. 5052 అల్యూమినియంతో కొత్తది చేయించుకోండి. దాన్ని చెక్కకి ఆనించకుండా, నియోప్రీన్ పట్టీల మీద, చుట్టూ గాలి తగిలేలా కూర్చోబెట్టండి. ట్యాంకుకీ ఇంజిన్‌కీ మధ్య నీళ్ళు వేరుచేసే రాకోర్ లాంటి ఫిల్టర్, కిందికి వంగకుండా చెయ్యి పెట్టి మార్చగలిగే చోట బిగించండి. డెక్ మీద ఇంధనం పోసే మూత మీద 'గ్యాస్' అని చెక్కి ఉంటుంది, అమెరికాలో పెట్రోల్‌ని అలాగే అంటారు. ఆ మూత ఈ రోజే మార్చేయండి. ఫ్యూయల్ డాక్ మీద కుర్రాడు మూత చూసే పోస్తాడు.

ఎగ్జాస్ట్, నీళ్ళ దారి

పాత ఎగ్జాస్ట్ గొట్టం అటామిక్ 4కి సరిపోయినా డీజిల్‌కి ఇరుకు. యాన్మార్ 3వైఎం30 లాంటిదానికి రెండంగుళాల హోస్ కావాలి. ఇంజిన్‌ని చల్లబరిచిన సముద్రపు నీళ్ళు ఎగ్జాస్ట్‌లోకి కలిసే చోటు నీటిమట్టానికి దగ్గరగా గానీ కింద గానీ ఉంటే, దాని ముందు నీళ్ళ గొట్టాన్ని నీటిమట్టం కంటే కనీసం 12 అంగుళాలు పైకి ఎత్తి, అక్కడ సైఫన్ బ్రేక్ (నీళ్ళు వాటంతటవే లాక్కోకుండా గాలిని లోపలికి వదిలే కవాటం) పెట్టాలి. అది లేకపోతే ఇంజిన్ ఆపాక సముద్రపు నీళ్ళు మెల్లగా మఫ్లర్ నింపి సిలిండర్లలోకి ఎక్కుతాయి. ఈ ఎత్తు పడవ పక్కకి వాలినప్పుడు కూడా ఉండాలి కాబట్టి సైఫన్ బ్రేక్ పడవ మధ్యరేఖకి దగ్గరలో పెట్టండి.

గాలి దారులు మూసేయకండి. డీజిల్‌కి బ్లోవర్ తప్పనిసరి కాకపోయినా ఇంజిన్‌కి చాలా గాలి కావాలి. చెక్క పడవ ఆరోగ్యానికి కూడా గాలి కావాలి.

షాఫ్టు, ప్రొపెల్లర్

నేరుగా తిప్పే అటామిక్ 4 ప్రొపెల్లర్ వెనకనుంచి చూస్తే ఎడమ వైపుకి తిరుగుతుంది. కొత్త డీజిళ్ళు సాధారణంగా కుడి వైపుకి తిప్పుతాయి. అందుకే పాత ప్రొపెల్లర్ ఎంత మంచిగా ఉన్నా పనికిరాదు. దీనివల్ల ఇంకో మార్పు కూడా వస్తుంది. ఇంతకాలం రివర్స్‌లో పడవ వెనక భాగం కుడి వైపుకి జరిగేది, ఇకపై ఎడమ వైపుకి జరుగుతుంది. జెట్టీకి కట్టేటప్పుడు అలవాటైన చెయ్యి మోసం చేస్తుంది. ఖాళీ చోట నాలుగు సార్లు సాధన చేయండి.

3,600 ఆర్‌పీఎం ఇంజిన్‌కి 2.62 నిష్పత్తిలో వేగం తగ్గించే గేర్ పెడితే షాఫ్టు దాదాపు 1,375 దగ్గర తిరుగుతుంది. నిదానంగా తిరిగే పెద్ద ప్రొపెల్లర్ నీటిని బాగా పట్టుకుంటుంది. కానీ కీల్, చుక్కాని మధ్య ఉన్న ఖాళీలో అది పట్టాలి. రెక్క చివరకీ చెక్కకీ మధ్య ప్రొపెల్లర్ వ్యాసంలో కనీసం పదో వంతు ఖాళీ వదలండి. పాత ముప్పావంగుళం షాఫ్టు గేర్ తర్వాత పెరిగే టార్క్‌కి ఆగకపోవచ్చు. షాఫ్టు మందం, పిచ్ (ప్రొపెల్లర్ ఒక చుట్టుకి ముందుకి పోవాల్సిన దూరం) లెక్కలు ప్రొపెల్లర్ షాపు వాళ్ళకే వదిలేయండి. పడవ బరువు, నీటి అంచు పొడవు, గేర్ నిష్పత్తి, ఖాళీ కొలత ఇస్తే వాళ్ళు చెబుతారు.

నీటిలో దించాక అలైన్‌మెంట్

ఫైబర్‌గ్లాస్ పడవలు అలవాటైన మెకానిక్కులు ఇక్కడే తొందరపడతారు. ఇంజిన్‌నీ షాఫ్టునీ ఒకే గీతలోకి తెస్తూ ఒడ్డున చేసేది తాత్కాలికపు సర్దుబాటు మాత్రమే. చెక్క పడవని నీటిలో దించాక పలకలు ఉబ్బి, సందులు మూసుకుని, ఒడ్డున మోపుల మీద వంగిన ఒళ్ళు మళ్ళీ తన ఆకారానికి రావడానికి రోజులు పడుతుంది. కప్లింగ్ (గేర్‌బాక్స్‌నీ షాఫ్టునీ కలిపే రెండు బిళ్ళల జోడు) విప్పి ఉంచి, వారం పాటు నీటిలో నాననివ్వండి. తెరచాప తాళ్ళు మామూలుగా ఎంత బిగువుగా ఉంటాయో అంతే బిగించి ఉంచండి. అవి కూడా పడవని వంచుతాయి.

తర్వాత కప్లింగ్ రెండు ముఖాలని చేత్తో దగ్గరికి తెచ్చి, షాఫ్టు బరువుకి కిందికి వేలాడకుండా ఆసరా ఇవ్వండి. ఫీలర్ గేజ్‌తో (సన్నటి సందులు కొలిచే రేకులతో) పైన, కింద, రెండు పక్కలా ఖాళీ కొలవండి. కప్లింగ్ వ్యాసం ప్రతి అంగుళానికి వెయ్యో వంతు అంగుళం దాకా తేడా ఫర్వాలేదు. నాలుగు అంగుళాల కప్లింగ్‌కి నాలుగు వెయ్యో వంతులు, అంటే 0.1 మిల్లీమీటరు. ఇప్పుడు షాఫ్టు వైపు ముఖాన్ని మాత్రమే సగం చుట్టు తిప్పి మళ్ళీ కొలవండి. ఎక్కువ ఖాళీ మొదటి చోటే ఉంటే ఇంజిన్ కాళ్ళు సర్దాలి. ఖాళీ షాఫ్టుతో పాటు తిరిగి ఎదురు వైపుకి వస్తే షాఫ్టు వంగింది, లేదా కప్లింగ్ వంకరగా కోసి ఉంది. అప్పుడు ఇంజిన్‌ని ఎంత సర్దినా లాభం లేదు.

మొదటిసారి స్టార్ట్ చేయడం

గొట్టాల్లో గాలి ఉంటే డీజిల్ స్టార్ట్ కాదు. చేతి పంపు కొడుతూ, ఇంజిన్ మీదున్న ఫిల్టర్ దగ్గర గాలి వదిలే బ్లీడ్ స్క్రూ ఒక చుట్టు వదులు చేయండి. ముందు నురగలా వస్తుంది, తర్వాత బుడగలు, ఆఖరికి తేటగా కారుతుంది. అప్పుడు బిగించి ఇంజెక్షన్ పంపు దగ్గర మళ్ళీ అదే చేయండి.

స్టార్టర్ పదే పదే తిప్పాల్సి వస్తే సముద్రపు నీళ్ళ సీకాక్ మూసేయండి. ఇంజిన్ అంటుకోకుండా తిరిగినంతసేపూ పంపు నీళ్ళు తోడుతూనే ఉంటుంది, వాటిని బయటికి తోసే పొగ ఉండదు. ఆ నీళ్ళు మఫ్లర్ నిండి వెనక్కి ఇంజిన్‌లోకి వస్తాయి. ఇంజిన్ అంటుకున్న మరుక్షణం సీకాక్ తెరవాలి. ఈ పనికి ఒక మనిషిని సీకాక్ దగ్గరే కూర్చోబెట్టండి. వెనక ఎగ్జాస్ట్‌లోంచి నీళ్ళు దబదబా పడుతున్నాయో లేదో ఇంకొకరు చూడాలి.

పడవని విశాలమైన నీళ్ళలోకి తీసుకెళ్ళి ఇంజిన్ వేడెక్కాక థ్రాటిల్ పూర్తిగా తెరవండి. కంపెనీ చెప్పిన గరిష్ఠ ఆర్‌పీఎం అందాలి. అందకుండా నల్లటి పొగ వస్తుంటే ప్రొపెల్లర్ పిచ్ ఎక్కువైంది. తేలిగ్గా దాటిపోతే తక్కువైంది. రెండిటికీ ప్రొపెల్లర్ షాపుకి మరోసారి వెళ్ళాల్సిందే. ఆ ప్రయాణానికి ముందే సిద్ధపడి ఉండండి.

50 గంటలు తిరిగాక ఆయిల్, ఫిల్టర్లు మార్చి, వాల్వ్ క్లియరెన్స్ చూపించండి. అదే రోజు ఇంజిన్ కాళ్ళ నట్లు బిగించి, కప్లింగ్ విప్పి ఫీలర్ గేజ్ మళ్ళీ పెట్టండి. కొత్త బెడ్ల చెక్క ఈ లోపు కొంత అణుగుతుంది, నట్లు వదులవుతాయి. బీమా కంపెనీకి ఇంజిన్ మార్చిన సంగతి రాతపూర్వకంగా తెలియజేయండి. రాష్ట్రం ఇచ్చిన రిజిస్ట్రేషన్ కాగితంలో ఇంధనం గడిలో ఉన్న పెట్రోల్‌ని డీజిల్‌గా మార్పించుకోండి.